కింది పాలీ

పొద్దున ఏడింటికి కార్ఖానాల్లో పాలీ, అంటే షిఫ్టు, మారే వేళ సూరత్‌లో తెలంగాణ నేతవాళ్ళుండే ఆ సందులో రెండు గుంపులు ఎదురుపడతాయి. రాత్రంతా సాంచెల మీద బట్ట నేసి జుట్టునిండా దారపు నూగుతో బయటికొచ్చేవాళ్ళు ఒక గుంపు. స్నానాలు చేసి, డబ్బాలు చంకన పెట్టుకొని లోపలికి పోయేవాళ్ళు ఇంకో గుంపు. సరిగ్గా అదే సమయానికి దుముజి తన గొర్రెల మందను ఖాడీ కాలువ గట్టుకు తోలుకుపోతాడు. కాస్త ముందో వెనకో పోవయ్యా, నీకేం తొందర అంటే వినడు. నాలుగు వేల ఏళ్ళుగా గొర్రెలు కాస్తున్నవాడికి ఎవరు చెప్పినా అంతే. గొర్రెల మధ్య నుంచే సైకిళ్ళు, గొర్రెల మధ్య నుంచే చాయ్ గ్లాసులు, ఎవరి దారిన వాళ్ళు పోతుంటారు.

దుముజి దేవుడే, అందులో ఎవరికీ అనుమానం లేదు. సముద్రం అవతల, రెండు పెద్ద నదుల నడుమ ఊళ్ళలో ఒకప్పుడు ఆయనకు గుళ్ళూ పూజలూ ఉండేవి. ఆ జనం పోయారు, గుళ్ళు మట్టిలో కలిశాయి, గొర్రెలకు మాత్రం రోజూ ఆకలేస్తూనే ఉంది. బస్రా నుంచి సూరత్‌కు ఖర్జూరాల ఓడలు వచ్చే రోజుల్లో మందతో సహా ఎక్కి వచ్చేశాడు. ఇప్పుడు ఖాడీ పక్కన రేకుల గదిలో ఉంటాడు. చెరుకు కోతలప్పుడు ఎండుటాకు మేపడానికి బార్డోలీ దాకా పోయొస్తాడు. ఉండి ఉండి తెలంగాణ మాట పట్టుబడింది, కోపం వస్తే మాత్రం గుజరాతీలో తిడతాడు. సందులోని వాళ్ళకు ఆయన వింతేమీ కాదు. గొంగడి కప్పుకొని గొర్రెలు కాసే దేవుడు వాళ్ళ ఊళ్ళ దగ్గరా ఉన్నాడు, ఈయనా ఆ వరసవాడే అనుకున్నారు.

ఏడాదిలో సగమే ఆయన పాలీ. మిగతా సగం భూమి కింద, చచ్చినవాళ్ళ ఊళ్ళో ఉండాలి. ఆయన పెళ్ళాం కూడా దేవతే. ఆమె ఒకప్పుడు ఆ ఊరు చూసొస్తానని పోయి ఇరుక్కుపోయింది. పైకి రావాలంటే తన బదులు ఉండటానికి బద్లీ మనిషిని పెట్టమన్నారు. ఆమె పైకొచ్చి చూస్తే, తనకోసం ఏడుస్తూ ఉండాల్సిన మొగుడు పట్టుబట్టలు కట్టుకొని గద్దె మీద కూర్చుని పిల్లనగ్రోవి ఊదుతున్నాడు. వీడినే తీసుకుపొండి అంది. మొగుణ్ణి బద్లీ పెడుతుందా అని సందులో సగం మంది ఆడవాళ్ళు ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటారు. పెట్టక ఏం జేస్తదే, మంచి పని చేసింది అంటుంది సందులో అందరికన్నా పెద్దదైన బాలవ్వ. చివరికి సగం పాలీ నేను చేస్తానని ముందుకొచ్చింది అతని చెల్లెలు. ఆమె పేరు గెష్టినన్న. ఆడమనిషిని పట్టుకొని అన్న అని ఎట్లా పిలుస్తామని సందులో గెష్టినక్క చేసేశారు. అన్న కిందికి పోయినప్పుడు చెల్లె పైకి, చెల్లె పోయినప్పుడు అన్న పైకి. పాలీ మారే పూట ఖాడీ గట్టున కాసేపు చూసుకోవడమే తప్ప, ఇద్దరూ కలిసి ఒక ముద్ద తిన్నది లేదు.

ఇదంతా సోమలింగానికి వేరే విడమరచి చెప్పనక్కర్లేదు. అతను సూరత్‌కు వచ్చిన నాటి నుంచీ బద్లీ మనిషే. లస్మయ్య ఊరికి పోతే లస్మయ్య సాంచెల మీద, పరుశురాంకు జ్వరమొస్తే పరుశురాం సాంచెల మీద. బద్లీ వాడికి కార్ఖానాలో సొంత పేరుండదు. పొద్దున గుమాస్తా మెహతాజీ హాజరీ పిలిచేటప్పుడు ఎవరి సాంచెల మీద ఉంటే వాళ్ళ పేరుకు "హాజర్" అని పలకాలి. అట్లా సోమలింగం ముప్పై ఏళ్ళు అందరి పేర్లకూ పలికాడు. తన పేరు ఎవరూ పిలిచింది లేదు. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడు కూడా పిల్ల తండ్రులు సొంత సాంచెలున్నాయా అని అడిగి, చాయ్ తాగి పోయేవారు.

ఆ నూగంతా ఊపిరితిత్తుల్లో చేరాక సాంచెల దగ్గర నిలబడలేకపోయాడు. శేఠ్‌కు ఏ మూలో జాలి కలిగి, కూర్చుని దారం చుట్టే బాబిన్ పనిలోకి మార్చి మొదటిసారి అతని పేరు హాజరీలో ఎక్కించాడు. అదేం రాతో, పేరెక్కిన రోజే మంచం పట్టాడు. మొగుడు పోయాక తమ్ముడికి వండిపెట్టడానికి సూరత్ వచ్చిన అక్క కొమురవ్వ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని ఆ బాబిన్ పనికి పోయింది. "సోమలింగం!" అని మెహతాజీ పిలిస్తే "హాజర్!" అని అరిచేది. మొదటి రోజు అందరూ నవ్వారు. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. ఆస్పత్రిలో డాక్టరు సోమలింగం ఛాతీ ఫోటో చూసి, అతన్ని కాకుండా కొమురవ్వను బయటికి పిలిచి మాట్లాడాడు. ఆ మాటలేవో ఆమె తమ్ముడికి చెప్పలేదు, అతనూ అడగలేదు.

దుముజి రోజూ గొర్రెపాలు తెచ్చి ఇచ్చేవాడు.

"తాగు లింగం. దగ్గుకు గొర్రెపాలు మంచియి."

"గిన్ని వేల ఏండ్ల సంది నీ పాలు తాగినోళ్ళంత ఏమైండ్రు దుముజన్నా?"

"పోయిండ్రు."

"మరి?"

"దగ్గుతోనైతే పోలే," అనేవాడు దుముజి, ఏ మాత్రం నవ్వకుండా.

ఎండలు ముదిరి ఖాడీ గట్టున గడ్డి చొప్పలా అయిన రోజుల్లో ఒక పొద్దున సోమలింగం గడపలో కూర్చుని ఆయనకు తన కల చెప్పాడు. "గోడ మొలకు గ్లాసు తగిలేసి ఉన్నదట. ఎవ్వలు ముట్టలే, దానంతటదే కింద పడ్డది. సాంచె నడుస్తనే ఉన్నదన్నా, దాని మీద దారం పోగు లేదు. ఉత్తగ నడుస్తున్నది."

దుముజి పాలచెంబు కింద పెట్టాడు. "నన్ను మొదటిసారి కిందికి తీస్కపోయే ముందుగాల నాగ్గూడ గిసొంటి కలనే వచ్చింది. కవ్వం ఒరిగి పడున్నది, కుండల పాలు లేవు, నా గ్లాసు గూడ మొల మీదికెల్లి పడ్డది."

"అంటే ఏంది?"

"కలలకు అర్థం చెప్పేది మా చెల్లె. నాకు గొర్లే ఎర్క," అని గొర్రెల వైపు తిరిగాడు. అబద్ధం చెప్పడం చేతకాని దేవుడు. సోమలింగానికి అర్థమైపోయింది. లోపల కొమురవ్వ గిన్నెలు తోముతున్న చప్పుడు కూడా అప్పుడే ఆగింది.

ఆషాఢం రాగానే దుముజి పాలీ అయిపోయింది. ఆయన దేశంలో ఆ నెలకు గడ్డి మాడిపోతుందట, అందుకని అక్కడివాళ్ళు ఆ నెలే ఖాయం చేశారు. సూరత్‌లో అప్పుడు వానలు మొదలై పచ్చగడ్డి లేస్తుంది. పాపం ఇన్నేళ్ళలో ఆయన ఇక్కడి పచ్చగడ్డిని ఒక్కసారీ చూసుకోలేదు. నెల మార్చమని అడుగుదామంటే అడిగేదెవరిని?

ఆయన పోయే పొద్దున ఆడవాళ్ళు సందు చివర చేరి శోకం పెడతారు. ఆయన దేశంలోనూ ఆడవాళ్ళు ఏడ్చేవారట, ఏడవకపోతే తిరిగొచ్చే దారి మూసుకుపోతుందట. బాలవ్వ కొంగు నోటికి పెట్టుకొని ఎత్తుకుంది. "నీ గొంగడేడ కప్పుకుంటవ్ కొడుకా, నీ కుండల పాలెవ్వలు గిలకొడతరు కొడుకా..." మిగతావాళ్ళు అందుకున్నారు. ఎవరికి వాళ్ళు ఊళ్ళో పోగొట్టుకున్న వాళ్ళను కూడా అందులోనే ఏడ్చేస్తారు కాబట్టి ఆ ఏడుపు నిజంగానే గుండెల్ని పిండుతుంది.

తీసుకుపోవడానికి కిందివాళ్ళు ఇద్దరొచ్చారు. ఎప్పుడూ వచ్చేవాళ్ళే. బూడిదరంగు సఫారీ బట్టలు. కూర్చోరు, నీళ్ళు ముట్టరు, చాయ్ ఇస్తే వద్దని తలూపుతారు. సూరత్ మొత్తంలో చాయ్ వద్దనేది బహుశా వీళ్ళిద్దరే. ఏటా దుముజిని నడుమ పెట్టుకొని నేరుగా ఖాడీ వైపు పోయేవాళ్ళు ఈసారి సోమలింగం గడప ముందు ఆగారు.

"సోమలింగం!" అని పిలిచాడు ఒకడు. అచ్చం మెహతాజీ పిలిచినట్టే, చివర తెంపుతూ పిలిచాడు.

మంచంలో సోమలింగం లేవబోయాడు. అప్పుడే దగ్గు తెర కమ్మింది, గొంతు పెగల్లేదు. మూలన గోడకు ముఖం పెట్టి, పనికి పోయే హడావిడిలో కొప్పు ముడేసుకుంటున్న కొమురవ్వ తల తిప్పకుండానే అరిచింది.

"హాజర్!"

సందులో ఏడుపు ఆగిపోయింది. కొమురవ్వ వెనక్కి తిరిగి గడపలో ఉన్నది ఎవరో చూసింది. చేతిలోని దువ్వెన మెల్లగా గూట్లో పెట్టింది.

"అక్కా, తప్పైందని చెప్పు," అన్నాడు దుముజి కంగారుగా. "గిప్పుడే చెప్పు, జల్ది."

కిందివాళ్ళు కదలకుండా నిలబడ్డారు. కొమురవ్వ మంచం వైపు చూసింది. ఎముకలన్నీ ఒక చోటికి పోగై దగ్గుతున్న తమ్ముణ్ణి చూసింది. తల్లి చచ్చినప్పుడు వీడు పాలు మరిచాడో లేదో, ఎత్తుకొని పెంచింది తనే. వాళ్ళను అడిగింది.

"ఎవలు పలికితే హాజరీ వాళ్ళదే గద?"

"అవును," అన్నాడు వాళ్ళలో ఒకడు. వాళ్ళ నోట పేరు తప్ప వేరే మాట వినడం సందులో అదే మొదలు.

"అయితే నడువుండ్రి."

"నేను... సోమలింగం నేను!" అని సోమలింగం పెట్టిన కేక దగ్గులో కలిసిపోయి ఎవరికీ వినబడలేదు. కొమురవ్వ గడప దాటుతూ, పనికి పోయేటప్పుడు రోజూ చెప్పినట్టే చెప్పింది. "పొయ్యి మీద పప్పున్నది లింగా. అడుగంటకుంట చూస్కో."

దుముజి వెంట ఖాడీ వైపు పోయింది. వాన చినుకులు మొదలయ్యాయి. ఆడవాళ్ళు మళ్ళీ ఎత్తుకున్నారు, ఈసారి ఇద్దరి కోసం. సోమలింగం మంచం మీది నుంచి కిందపడి, పాకి, గడప పట్టుకొని లేచి నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది, దగ్గు రావడం లేదు. గాలి ముక్కులోంచి పోయి కడుపు దాకా దిగుతోంది. పప్పు అడుగంటి మాడు వాసన వస్తోంది, ఆ వాసన కూడా ఎన్నాళ్ళకో తెలిసింది. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రానికి ఖాడీ గట్టుకు పోయాడు. గెష్టినక్క వచ్చి గొర్రెలను దగ్గరికి చేర్చుకుంటోంది. ఆమె వెంట్రుకల్లో ఇంకా కింది దుమ్ము ఉంది.

"మా అక్క ఎట్ల వస్తది?"

"నువ్వు పోతే వస్తది. నా లెక్కనే, సగం సగం."

"గిప్పుడే పోత."

"గిప్పుడు తొవ్వ లేదు. చలికాలం మా అన్న వచ్చేనాడు తెరుచుకుంటది." ఆమె ఒక గొర్రెపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తూ, తల ఎత్తకుండా అంది. "నిన్నెవ్వలు తీస్కపోనీకి రారు. యాది గూడ చెయ్యరు. నీయంతల నువ్వు వస్తే వచ్చినట్టు. రాకుంటె ఆమె ఆడనే ఉంటది."

"రాకుంట ఎట్లుంట?"

గెష్టినక్క తీసిన ముల్లును ఖాడీలోకి విసిరేసింది. ఎంతమందిని చూసిందో ఆమె.

వానాకాలమంతా సోమలింగం మనిషయ్యాడు. బుగ్గలొచ్చాయి. మళ్ళీ సాంచెల మీదికి పోయాడు, ఇల్లు కట్టుకోవడానికి ఊరికి పోయిన పరుశురాంకు బద్లీగా. హాజరీలో మెహతాజీ "పరుశురాం!" అంటే "హాజర్" అనేవాడు. బాబిన్ వాళ్ళ వరస వచ్చేసరికి "సోమలింగం!" అని పిలిచేవాడు మెహతాజీ. ఆ పేరు ఎవరూ తీసేయలేదు. సోమలింగం పలికేవాడు కాదు.

"అరే, సోమలింగం తూ హీ హై నా?" అనేవాడు మెహతాజీ, నువ్వే కదా అన్నట్టు.

"అభీ నై సాబ్. అభీ పరుశురాం హూఁ," ఇప్పుడు కాదు, ఇప్పుడు నేను పరుశురాంను అనేవాడు. అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. కానీ పిలిచిన ఆ పేరు వెనకాల వచ్చే ఖాళీ మాత్రం రోజంతా సాంచెల మోతలో కూడా వినబడేది.

దీపావళి తరువాత పరుశురాం ఇక రావడం లేదని కబురు వచ్చింది. శేఠ్ సోమలింగాన్ని పిలిచి, ఉత్తరాయణ్ పతంగుల పండగ అయ్యాక ఆ సాంచెలు నీ పేరు మీదే అన్నాడు. ఆ రోజు సోమలింగం రింగ్ రోడ్ దాకా నడుచుకుంటూ పోయి, ఏమీ కొనకుండా నడుచుకుంటూ వచ్చాడు. ఊపిరి తీయగా ఉంది. కాళ్ళలో బలం ఉంది. పక్క గదిలో ఉండే పరమేశ్, "మామా, గిప్పుడైన పిల్లను చూడాల్నా?" అని ఆట పట్టిస్తే సిగ్గుపడ్డాడు కూడా. అతనికి కిందికి పోవాలని లేదు. దాచడమెందుకు, అస్సలు లేదు. ఒక్క ఏడాది సొంత సాంచెలు నడిపి, వచ్చే ఏడు పోతే కాదా అనుకున్నాడు. అక్క అయినా వద్దనే అంటుంది అనుకున్నాడు. అక్క వద్దంటుందని అనుకోవడం ఎంత సుళువో చూసి తన మీద తనకే రోత పుట్టింది. ఆ పూట అన్నం పెట్టుకొని, తినలేక, గొర్రెలకు పెట్టొచ్చాడు.

పతంగుల పండగ అయిపోయి కార్ఖానాలు తెరిచే పొద్దున, వైర్లకు చిక్కిన పతంగులు ఇంకా ఊగుతుండగా, గెష్టినక్క మూట కట్టుకొని సందులోంచి పోయింది. దుముజి వచ్చే రోజు అదే. సోమలింగం స్నానం చేసి ఉతికిన అంగీ వేసుకున్నాడు. పప్పు వండాడు. పొయ్యి ఆర్పి, మూత పెట్టి, మూత మీద గిన్నె బోర్లించి బయటికొచ్చాడు. సందు చివర ఎడమకు తిరిగితే కార్ఖానా, కుడికి తిరిగితే ఖాడీ. పాలీ మారే జనం అతన్ని ఒరుసుకుంటూ పోతున్నారు.

"మామా, జల్ది రా!" అని అరిచాడు పరమేశ్. "ఇయ్యాల సాంచెల మీద నీ పేరు పిలుస్తరు!"

సోమలింగం కాళ్ళు ఎడమకే రెండడుగులు వేశాయి. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన పిలుపు. ఒక్కసారి విని రావచ్చు కదా. ఆ పేరుకు తన బదులు పలికిన గొంతు గుర్తొచ్చింది. కొప్పు ముడేసుకుంటూ, తల తిప్పకుండా, హడావిడిగా పలికిన గొంతు.

"నా బద్లీ వస్తదని చెప్పు," అన్నాడు.

"ఎవలు?"

"మా అక్క."

"సరే," అని పరమేశ్ లోపలికి పోయాడు.

ఖాడీ గట్టున తుంగ పొదలు కదిలాయి. దుముజి పైకొచ్చాడు, కనుబొమ్మల దాకా దుమ్ము. గెష్టినక్క కర్ర అతని చేతికిచ్చింది. "చుక్కల గొర్రె కవలల్ని ఈనింది. పతంగి దారం మింగకుండ చూడు," అంది. అన్న ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. అంతే వాళ్ళ పండగ.

అతని వెనకే కొమురవ్వ వచ్చింది. వెలుతురుకు కళ్ళు చికిలించి తమ్ముణ్ణి చూసింది. మొదట మురిసింది, వెంటనే మండిపడింది.

"ఎందుకొచ్చినవ్‌రా? మంచిగైనవ్ గద! ఎవలు రమ్మన్నరు నిన్ను?"

"నా పాలీ అక్కా."

"పాలీ లేదు గీలీ లేదు, ఇంటికి నడువ్."

"పొయ్యి మీద పప్పున్నది," అన్నాడు సోమలింగం. "అడుగంటలే."

కొమురవ్వ దగ్గరికొచ్చింది. దుమ్ము పట్టిన కొంగుతోనే అతని ముఖం తుడిచింది, దాంతో అతని ముఖానికీ దుమ్మంటింది. ఎన్నడూ తమ్ముడు వండిన తిండి తిననిది, తినబోతోంది. అది తలుచుకొని ఏడ్చింది. తరువాత ముక్కు చీది, పాలీ అప్పజెప్పేవాళ్ళు చెప్పినట్టు చెప్పింది. "ఆడ పనేం లేదు. తినేది దుమ్మే."

"గిన్నేండ్లు నూగు తింటి. అదేం తక్కువ?"

"పొద్దుగాల పేరు పిలుస్తరు. గట్టిగ పలుకు, పిలిచే ముసలోనికి చెవుడు."

"ఎడమ చేతి సాంచె దారం మాటిమాటికి తెగుతది. జర చూస్కో," అన్నాడు అతను. "శేఠ్ ఏమన్న అంటే..."

"ఏమంటడు? హాజరీకి పలికితే సాలు ఆయనకు. జల్ది పో, మళ్ళ తొవ్వ మూస్కపోతది." అతను తుంగలోకి దిగుతుంటే వెనక నుంచి కేకేసింది. "ఆషాఢంల వస్త లింగా. నేనే వస్త."

గెష్టినక్క ముందు నడిచింది, సోమలింగం వెనక నడిచాడు. కింద వెలుతురు తక్కువ. నోట్లో దుమ్ము చేరింది, నూగు తిన్న నోటికి అదేం కొత్తగా లేదు. తలుపు దగ్గర ఒక ముసలివాడు, అతని ముందు పొడవాటి వరస. సోమలింగం వరసలో నిలబడ్డాడు. పేర్లు పిలుస్తున్నారు, పలుకుతున్నారు.

"సోమలింగం!"

అలవాటు కొద్దీ అతను ఆగాడు. ఇవాళ తను ఎవరి బద్లీ, లస్మయ్యా, పరుశురామా అని ఒక్క క్షణం తడుముకున్నాడు. ముసలివాడు మళ్ళీ పిలిచాడు.

సోమలింగం ఊపిరి నిండా తీసుకొని, చెవిటివాడికి కూడా వినబడేట్టు "హాజర్!" అన్నాడు.